కాలరు పట్టిన చెయ్యి

గుమ్మంలో ఎవరైనా నిలబడితే మేస్త్రికి వెలుతురు తగ్గడం వల్ల తెలుస్తుంది. ఆ ఉదయం తలుపు చట్రానికి చిత్రిక పడుతున్న ఆయన చెయ్యి ఆగింది. చెవి మీది పెన్సిలు సర్దుకుని తలెత్తాడు. తడిసిన గొడుగు మూస్తూ ఒక అమ్మాయి, ఆమె వెనక, తనకిక్కడ పనేమీ లేదన్నట్టు వీధి వైపు చూస్తూ ఒక మనిషి.

మేస్త్రి అరచేత్తో బల్లను చరిచాడు. వెనక గదిలో జిగురు కలుపుతున్న కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ కార్ఖానాలో చప్పుడు వినపడేది ఆమె ఒక్కదానికే. మేస్త్రి పుట్టు చెవిటివాడు. ఆయన దగ్గర పనిచేసే ముగ్గురూ అంతే. బయటివాళ్ళతో మాట్లాడవలసి వస్తే వాళ్ళ నోరు ఆమే, వాళ్ళ చెవులూ ఆమే. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు అదే పని.

"అక్కా, ఈయన మా ఆయన," అంది ఆ అమ్మాయి. "సిటీ బస్సు నడిపేవారు. సైన్యంలోకి వెళ్ళారు. పక్కనే గుండు పేలి చెవులు రెండూ పోయాయి. ఇక్కడ చెవిటివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారనీ, పని కూడా నేర్పుతారనీ ఎవరో చెప్తే..." అని ఆగింది. "చెవిటివాళ్ళు అనకూడదా అక్కా?"

"ఫరవాలేదమ్మా. మేమూ అదే అంటాం."

డ్రైవరు ఇటు తిరిగాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక వీధంతా వినపడేలా అన్నాడు. "వద్దని ఎన్నిసార్లు చెప్పాను! అసలు వినవు కదా నువ్వు!"

"చూశారా అక్కా," అంది భార్య నవ్వబోయి, నవ్వలేక. "వినపడంది నాకట."

ఆమె భుజానికి ఒక గుడ్డ సంచి, అందులో ఒక పలక. దాని మీద ఏదో రాసి అతనికి చూపించింది. అతను చదివి, చేత్తో చెరిపేసి, లోపలికి వచ్చాడు. వచ్చాక మాత్రం చుట్టూ శ్రద్ధగా చూశాడు. గోడకు వేలాడే రంపాలు, మూలన కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్న కుర్చీలు, నేలంతా ఉంగరాల్లా చుట్టుకున్న చెక్క పొట్టు. ఇన్ని పనిముట్లున్న చోట ఒక్క చప్పుడు కూడా తనకు చేరకపోవడం అతనికి ఇంకా అలవాటు కాలేదు. మాటిమాటికీ వెనక్కు తిరిగి చూసుకుంటున్నాడు.

పాలిష్ గుడ్డ పట్టుకుని ముసలాయన ఒకడు దగ్గరికొచ్చాడు. ఎడమ బుగ్గ మీద లోతైన సొట్ట. చేతులతో మాట్లాడేవాళ్ళకు పేరు పిలవడమంటే చూపించడమే. చెవి మీద వేలు ఆనిస్తే మేస్త్రి. కనుబొమ మీద గీత గీస్తే మేస్త్రి కూతురు, చిన్నప్పుడు ఉలి తగిలిన మచ్చ అది. బుగ్గ మీద వేలు నొక్కితే ఈ ముసలాయన. అందుకే ఆమె ఆయన్ని సొట్టబుగ్గ బాబాయ్ అంటుంది.

'ఎవరు?' అన్నాయి బాబాయ్ కనుబొమలు.

'డ్రైవరు. సైన్యంలోకి వెళ్ళాడట. చెవులు పోయాయి,' అన్నాయి ఆమె చేతులు.

'ఓ! తనంతట తాను ఎవరు వెళ్తారు?' అన్నాడు బాబాయ్. తన చెయ్యి మెడ వెనక్కు పోనిచ్చి, చొక్కా కాలరు పిడికిట పట్టుకుని పైకి లాగాడు. గడ్డం పైకి లేచింది, మడమలు నేల వదిలాయి. మిగతా ఇద్దరూ తలూపారు. అందరికీ అర్థమైంది.

ఇలా బలవంతంగా సైన్యంలోకి పట్టుకెళ్ళినవాడికి పేపర్లలో రాసే మాట నిర్బంధ సైనికుడు. అది కాగితం మీద తప్ప ఎవరి నోటా రాదు. వీధిలో జనం పట్టుడు సిపాయి అంటారు, కొందరు జాలిగా, కొందరు ఎగతాళిగా. మేస్త్రి తరం చెవిటివాళ్ళ చేతుల్లో దానికి ఉన్నది ఈ సైగ. సైనికుడంటే వేరే సైగ ఉంది, భుజం మీద తుపాకి పట్టీ పట్టుకున్నట్టు రెండు పిడికిళ్ళు. నిర్బంధ సైనికుడికి తుపాకి ఉండదు, కాలరే ఉంటుంది.

"ఏమంటున్నాడు నన్ను?" అని అడిగాడు డ్రైవరు.

మేస్త్రి కూతురు పలక అందుకుంది. సుద్ద ముక్క ఒక్క క్షణం గాలిలో నిలిచింది. "కొత్తవాడు అంటున్నారు" అని రాసింది.

అలాంటి చిన్న చిన్న సర్దుబాట్లు ఆమెకు కొత్త కాదు. బేరమాడేవాడు నోరు పారేసుకుంటే నాన్నకు సగమే చెప్పేది. నాన్న తిట్టిన తిట్టును బయటివాడికి దండంగా మార్చి చెప్పేది. రెండు పక్కలా గొడవ లేకుండా రోజు గడిస్తే చాలనుకునేది.

*

అతనికి కుర్చీ కాళ్ళకు గరుకు కాగితం పట్టే పని ఇచ్చారు. అతను పళ్ళు బిగించి అడ్డంగా రుద్దాడు. మేస్త్రి వచ్చి ఆ కాలు తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి, పిల్లి గీరినట్టు పడిన గీతలు చూపించాడు. తరవాత అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చెక్క నార ఎటు పోతుందో అటు నెమ్మదిగా నడిపించాడు. అతని బొటనవేలితో తడిమించాడు. ఎదురు, వాటం. ఎదురు, వాటం. డ్రైవరు ముఖంలో మొదటిసారి విసుగు కాక ఇంకేదో కదిలింది.

మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. రంపపు యంత్రం నడుస్తోంది. డ్రైవరు బల్ల మీద మోచెయ్యి ఆనించి నీళ్ళు తాగుతున్నవాడల్లా బల్ల అదురులో ఏదో తేడా తగిలి, గ్లాసు కింద పెట్టి అరచెయ్యి బల్లకు ఆనించాడు. యంత్రం దగ్గరికెళ్ళి దాని ఒంటి మీద చెయ్యి వేసి చూసి, తటాలున మీట కిందికి నొక్కేశాడు. మేస్త్రి కూడా అప్పటికే అటు బయల్దేరి ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి మోటారు వెనక భాగం వైపు వేలు చూపించారు. చూపించి, ఒకరి వేలు ఒకరు చూసుకున్నారు.

"బేరింగు!" అని అరిచాడు డ్రైవరు.

మేస్త్రి నోరు తెరిచి, చప్పుడు లేకుండా నవ్వాడు. అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకుని, మోటారు విప్పి బిగించారు. ఆ పనికి పలక అవసరం పడలేదు.

మర్నాడు అతను భార్య తోడు లేకుండా తనే వచ్చాడు. కొన్ని సైగలు నేర్చుకున్నాడు. నీళ్ళు, సుత్తి, చాలు, రేపు. నీ అంతట నువ్వు అనడానికి గుండె మీద అరచెయ్యి ఆనించి ముందుకు చాపాలని మేస్త్రి చూపించాడు. 'ఈ కుర్చీ నీ అంతట నువ్వు బిగించు,' అని. డ్రైవరు బిగించాడు. కుర్చీ కుంటింది. బాబాయ్ దాని మీద కూర్చుని, ఓడలో పోతున్నట్టు ఊగుతూ, కళ్ళు తేలేసి, వాంతి చేసుకుంటున్నట్టు నటించాడు. డ్రైవరు పెదవి చివర వంకర తిరిగింది. నవ్వే.

కానీ అతని కళ్ళు చురుకైనవి, ఇన్నేళ్ళు అద్దాల్లో వెనక బళ్ళను కనిపెట్టిన కళ్ళు. పొద్దుటి నుంచీ ఆ ఒక్క సైగ తన చుట్టూనే తిరగడం గమనించాడు. టీ గ్లాసు పంచేటప్పుడు, కాలరు. సుత్తి ఎక్కడుందని అడిగినప్పుడు, అతని వైపు చూపు, కాలరు. కొత్తవాడంటే ఇంత పొడుగ్గా లాగడమెందుకు?

సాయంత్రం పనిముట్లు సర్దుతుండగా అతను బాబాయ్ ముందుకు వెళ్ళి తన కాలరు పట్టుకుని, కనుబొమలు ఎగరేశాడు. ఏమిటిది?

బాబాయ్ సంబరపడిపోయాడు. ప్రశ్న అడిగినవాడికి వివరంగా చెప్పడం ఆయనకు పరమ ఇష్టం. చేతులతో ఒక లారీ తెచ్చాడు. లారీ ఆగింది. బూట్లు దిగాయి. ఒక చెయ్యి వచ్చి కాలరు పట్టింది. పట్టుబడినవాడి కాళ్ళు గాలిలో తన్నుకున్నాయి, కళ్ళు బయటికొచ్చాయి. ఆ చెయ్యి వాణ్ణి కోడిపిల్లను విసిరినట్టు లారీలోకి విసిరింది. బాబాయ్ చివర డ్రైవరు గుండెకు వేలు తాకించాడు. నువ్వు!

డ్రైవరు చేతిలోని కుర్చీ కాలు నేలకు తగిలి ఎగిరి గోడకు కొట్టుకుంది.

"దొంగనా నేను?" అతని గొంతు పైకప్పుకు తగిలింది. "పట్టుకెళ్ళడానికి దొంగనా? నన్నెవరూ పట్టుకెళ్ళలేదు. నేనే వెళ్ళాను. నేను సైనికుణ్ణి!" మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. "కొత్తవాడు అన్నారని రాశావు. మీ అందరికీ నవ్వులాటగా ఉందా?"

ఆమె పలక కోసం చెయ్యి చాచేలోపే అతను వీధిలోకి వెళ్ళిపోయాడు. బాబాయ్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. 'నేనేం తప్పు చెప్పాను?' అన్నాయవి.

*

మర్నాడు అతను రాలేదు. కుంటి కుర్చీ అలాగే ఉంది.

పొద్దెక్కాక మేస్త్రి కూతుర్ని కిటికీ దగ్గరికి పిలిచాడు, మాట బాగా కనపడాలంటే వెలుతురు ఉండాలి కాబట్టి.

'వాడు ఏమని అరిచాడు?'

ఆమె చెప్పింది. ఈసారి మొత్తం చెప్పింది. పలక మీద తను ఏం రాసిందో కూడా.

 మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి దాని మొన చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

'నా చేతులు అబద్ధం చెప్పలేదు,' అన్నాడు చివరికి. 'నీ సుద్ద చెప్పింది.'

'అతను బాధపడతాడని, నాన్నా.'

'బాధపడితే అడిగేవాడు. అడిగితే చెప్పేవాణ్ణి.' ఆయన అరచేతులు ఒకదాన్నొకటి రాచుకున్నాయి, పొట్టు దులుపుకున్నట్టు. 'పద.'

డ్రైవరు ఇల్లు మేడ మీద ఒంటి గది. మెట్ల మీద తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. భార్య తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. "రండక్కా. రండి మేస్త్రిగారూ," అని, ఆయనకు వినపడదని గుర్తొచ్చి, చేత్తో లోపలికి చూపించింది. డ్రైవరు మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎవరో వచ్చారని మంచం అదురుకు తెలిసి లేచి కూర్చున్నాడు. మేస్త్రిని చూసి లేవబోయి, కూతుర్ని చూసి ఆగిపోయాడు.

ఆమె పలక అడిగి తీసుకుంది. "నేను రాసింది అబద్ధం. నన్ను క్షమించు" అని రాసి అతని ముందు పెట్టింది. అతను చదివి పలక తిరిగి ఇచ్చేశాడు.

మేస్త్రి గది మధ్యలో నిలబడ్డాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. తరవాత చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె సుద్ద పట్టుకుని సిద్ధంగా ఉంది కానీ రాయలేదు, రాయవలసిన అవసరం రాలేదు.

మేస్త్రి తన పక్కన గాలిలో ఒక మనిషిని నిలబెట్టాడు. తనకంటే జానెడు పొట్టి, చెవులు వినపడేవాడు. తమ్ముడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకడు రంపం లాగితే ఇంకొకడు తోస్తున్నాడు. తమ్ముడు ఏదో పాడుతున్నాడు, వాడి గొంతు మీద అన్న చెయ్యి వేసి చూస్తున్నాడు. గుమ్మంలో వెలుతురు తగ్గింది. అన్న తలెత్తేసరికి మనుషులు కనపడలేదు, తలుపు చాటున ఉన్నారు. ఒక చెయ్యి మాత్రం లోపలికొచ్చింది. వెంట్రుకలున్న చెయ్యి, వేలికి ఉంగరం. అది తమ్ముడి కాలరు వెనక నుంచి పట్టింది. తమ్ముడి చేతిలో ఉలి ఉంది. ఉలి పట్టుకునే వెళ్ళాడు. అన్న పరుగెత్తాడు. లారీ వెనక చక్రాల నుంచి లేచిన దుమ్ము.

మేస్త్రి ఆగి ఊపిరి తీసుకున్నాడు. కూతురి చేతిలోని సుద్ద తనే తీసుకున్నాడు. బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు, పెద్ద పెద్ద అక్షరాలు, ఒకదాని మీద ఒకటి పడేలా రాశాడు.

"చెయ్యి వాళ్ళది. మెడ నీది. తప్పు చెయ్యిది."

డ్రైవరు పలక రెండు చేతులా పట్టుకున్నాడు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివాడు. అతని పెదవులు కదులుతున్నాయి.

"తమ్ముడు?" అన్నాడు తగ్గు గొంతుతో. తన గొంతు తగ్గించడం అతనికి గుర్తొచ్చింది.

మేస్త్రికి ఆ పెదవులు అర్థమయ్యాయి. అరచెయ్యి తెరిచి చూపించాడు. అందులో ఏమీ లేదు.

మెట్ల మీద ఎవరో పిల్లలు పరుగెత్తారు. ఆ చప్పుడు ఇద్దరు ఆడవాళ్ళకే వినపడింది.

"డిపోలో," అన్నాడు డ్రైవరు ఉన్నట్టుండి. ఎవరి ముఖమూ చూడకుండా నేలకేసి చెప్తున్నాడు. "బండి నిండా జనం. బయల్దేరబోతున్నాను. నా పక్క తలుపు తీసి... ఇక్కడ పట్టుకున్నారు." చెయ్యి మెడ వెనక్కు వెళ్ళింది, కాలరును తాకి ఆగింది. "తాళం నా చేతిలోనే ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తెలీలేదు. జనమంతా చూస్తున్నారు. రోజూ నా బండెక్కేవాళ్ళు. నేనేదో దొంగతనం చేశాననుకుని ఉంటారు. ఒక్కళ్ళూ దిగలేదు. తాళం... ఎవరికిచ్చానో ఇప్పటికీ గుర్తులేదు."

భార్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "నా అంతట నేనే పేరిచ్చి వెళ్ళానని రాశారు కదండీ," అంది. అతనికి వినపడదని తెలిసే అంది. "చెప్పకుండా ఎలా వెళ్ళారని ఎంత తిట్టుకున్నాను... ఇంత కాలం మీ మీద ఎంత కోపంగా ఉన్నాను..."

డ్రైవరు ఆమె పెదవులు చూశాడు. ఎంత అర్థమైందో కాని, మంచం దిగి వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. మేస్త్రి కూతురి భుజం తట్టి గుమ్మం వైపు చూపించాడు. మెట్ల మీది తడి బట్టలు పక్కకు తప్పిస్తూ ఇద్దరూ దిగివచ్చారు.

*

సంక్షేమ శాఖ అధికారి వస్తున్నట్టు కబురు మర్నాడు పొద్దున వచ్చింది. గాయపడిన సైనికులు చేతిపనులు నేర్చుకుంటున్నారని పత్రికలో వేస్తారట. డ్రైవరు పేరు ఆస్పత్రి వాళ్ళు ఇచ్చారు. భార్యను కూడా రమ్మన్నారు.

అధికారి తెల్లటి చొక్కాలో, చెమట తుడుచుకుంటూ దిగాడు. వెనక కెమెరా సంచితో ఒక ఫొటోగ్రాఫరు, నెరిసిన జుట్టు, నిద్ర చాలని కళ్ళు. అధికారి చెడ్డ మనిషేం కాదు. అందరికీ నమస్కారం పెట్టాడు. కుర్చీలు బాగున్నాయన్నాడు, అందులో కుంటిదాని మీదే కూర్చోబోతే బాబాయ్ పరుగెత్తి చెయ్యి పట్టుకుని ఆపాడు. తరవాత డ్రైవరుకు ఉలీ సుత్తీ ఇచ్చి కిటికీ దగ్గర నిలబెట్టాడు. ఆ రెంటితో అతనికి ఇంకా ఏ పనీ నేర్పలేదని మేస్త్రి అంటే, "ఫొటోకేగా" అన్నాడు.

"నేను నాలుగు మాటలు చెప్తాను," అన్నాడు అధికారి, మేస్త్రి కూతురితో. "మీరు వీళ్ళకి చేతులతో చెప్పండమ్మా. ఆ ఫొటో కూడా బాగుంటుంది."

గొంతు సవరించుకున్నాడు. అది సభలో మాట్లాడే గొంతు. "ఈ యువకుడు మనందరికీ ఆదర్శం. బస్సు నడుపుకుంటూ సుఖంగా బతుకుతున్నవాడు దేశం పిలిచిందనగానే ఒక్క క్షణం ఆలోచించలేదు. తనంతట తానే ముందుకొచ్చి, స్వచ్ఛందంగా సైన్యంలో చేరిన ఈ వీర జవాను..."

ఆమె చేతులు నాన్న వైపు తిరిగి చెప్తున్నాయి. బస్సు. సుఖం. దేశం, పిలుపు. భుజం మీద తుపాకి పట్టీ, సైనికుడు. గుండె మీద అరచెయ్యి, ముందుకు. తనంతట తానే.

డ్రైవరు ఆమె చేతులే చూస్తున్నాడు. పలక భార్య సంచిలోనే ఉంది, ఎవరూ ఏమీ రాయలేదు. ఉలి బల్ల మీద పెట్టాడు. సుత్తి దాని పక్కన పెట్టాడు.

ఫొటోగ్రాఫరు కెమెరా పైకెత్తాడు. డ్రైవరు కిటికీ దగ్గర నుంచి గది మధ్యకు నడిచి వచ్చాడు. అధికారి మాట మధ్యలో ఆగింది. డ్రైవరు ఆయన వైపు చూసి, గుండె మీద అరచెయ్యి పెట్టి, ముందుకు చాచి, తల అడ్డంగా ఊపాడు. తరవాత ఆ చెయ్యే మెడ వెనక్కు పోయింది. కాలరు పిడికిట పట్టుకుని పైకి లాగాడు. గడ్డం లేచింది, మడమలు నేల వదిలాయి. అలాగే నిలబడ్డాడు, బాబాయ్ కంటే ఎక్కువసేపు, కాళ్ళు వణికేదాకా.



"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు అధికారి.

ఎన్నో ఏళ్ళ అలవాటు ఆమె నాలుక చివరికి వచ్చి కూర్చుంది. మీకు కృతజ్ఞతలు చెప్తున్నాడు సార్. ఒంట్లో బాగాలేదంటున్నాడు సార్. ఏదంటే అది నమ్మేవాడాయన. ఫొటో తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయేవాడు. నాన్న తనకేసి చూస్తున్నాడని ఆమెకు తెలుసు. నాన్నకు ఆమె పెదవులు చదవడం వచ్చు.

"నా అంతట నేను వెళ్ళలేదు అంటున్నాడు సార్," అందామె. "కాలరు పట్టుకుని తీసుకెళ్ళారు అంటున్నాడు."

అధికారి ముఖం ఎర్రబడింది. "అంటే నిర్బంధ సైనికుడు అన్నమాట. ఉండొచ్చమ్మా, నేను కాదనడం లేదు. కానీ ఆ మాట ఇప్పుడెందుకు? వినేవాళ్ళకు బాగుండదు. జవాను అందాం. అతనికే గౌరవం."

ఆమె అదంతా నాన్నకు చేతులతో చెప్పింది, భార్య అందించిన పలక మీద డ్రైవరుకు రాసింది. ఒక్క ముక్క తగ్గించలేదు. 'గౌరవం' దగ్గర డ్రైవరు చెయ్యెత్తి ఆపాడు. ఈసారి నోటితో మాట్లాడాడు, గొంతు పెద్దగానే ఉంది కాని అందులో మొన్నటి అరుపు లేదు.

"సార్, నేనూ అందరికీ అలాగే చెప్పాను. నా భార్యకూ అలాగే చెప్పాను. చెప్పి చెప్పి, నన్ను పట్టుకున్న చెయ్యి నాదే అయిపోయింది. వద్దు సార్. దేశం కోసం చెవులు పోయాయని రాయండి, నిజమే. కానీ నేను వెళ్ళలేదు. తీసుకెళ్ళారు."

అధికారి జేబురుమాలు తీశాడు. ముఖం తుడుచుకున్నాడు. మేస్త్రినీ, బాబాయ్‌నీ, గోడ దగ్గర నిలబడి నిశ్శబ్దంగా ఏడుస్తున్న డ్రైవరు భార్యనీ ఒక్కొక్కరినే చూశాడు. "అలా రాస్తే వాళ్ళు వెయ్యరయ్యా," అన్నాడు. ఆ గొంతు సభ గొంతు కాదు. "నా చేతిలో ఏముంది."

అంతలో టిక్కుమని చప్పుడైంది. "అన్నా," అంటున్నాడు ఫొటోగ్రాఫరు డ్రైవరు ముందుకొచ్చి, చేత్తో తన కాలరు చూపిస్తూ. "ఇంకొక్కసారి. అలాగే. వెలుతురు బాగుంది."

"వెయ్యరని చెప్తున్నానా!"

"వెయ్యకపోతే పోయింది సార్, ఫొటో ఫొటోయే కదా." ఆయన కెమెరా కంటికి ఆనించుకుని, రెండో కన్ను మూసుకునే అన్నాడు. "మా పెద్దోణ్ణి సంతలో పట్టుకున్నారు. నేనూ ఉద్యోగంలో చేరాడనే చెప్తుంటాను."

 ఫొటో తీసేదాకా అధికారి గుమ్మంలో నిలబడి, బయటి వైపు చూస్తూ ఉన్నాడు. వెళ్ళేటప్పుడు డ్రైవరు చెయ్యి రెండు చేతులా పట్టుకుని, ఏదో అనబోయి, అతనికి వినపడదని ఆగి, వదిలాడు.

*

వాళ్ళు వెళ్ళాక బాబాయ్ అందరికీ టీ పోశాడు. తన మొదటి గుక్క తాగకుండానే గ్లాసు పక్కన పెట్టి డ్రైవరు ముందు నిలబడ్డాడు. 'ఆ మాట నీ పేరుగా వాడాను, అది తప్పు. అది పేరు కాదు,' అన్నాయి ఆయన చేతులు. మేస్త్రి కూతురు అది పైకి చెప్పి, అలాగే పలక మీద రాసింది. 'నీకు పేరు పెట్టాలి.'

పేరు కోసం పెద్ద రభస జరిగింది. ఒకడు స్టీరింగు తిప్పాడు. ఊళ్ళో అలాంటి పేరు వేరే ఎవరికో ఉందని ఇంకొకడు కొట్టేశాడు. బాబాయ్ కుంటి కుర్చీ అన్నాడు. అందరూ నవ్వారు, డ్రైవరు కూడా, పళ్ళు కనపడేలా, గట్టిగా. ఆ నవ్వు విని భార్య టీ తాగడం ఆపి అతనికేసి చూసింది. చివరికి అతనే ముక్కు పక్కన ఉన్న పుట్టుమచ్చ మీద వేలితో తాకి, 'ఇది చాలదా?' అన్నట్టు చూశాడు. చాలు అన్నారు. అది అతను తల్లి కడుపులోంచి తెచ్చుకున్నది.

"అక్కా," అంది భార్య. "ఆ కాలరు మాట సరే, మీ నాన్నగార్ని ఒకటి అడగండి. అలా వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి ఏమంటారు? దానికి సైగ ఏమిటి?"

ఆమె అడిగింది. మేస్త్రి ఆలోచించాడు. బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

'లేదు,' అన్నాడు మేస్త్రి. ఆయన చేతులు నెమ్మదిగా కదిలాయి. 'మాకు ఆ మాటతో పని పడలేదు.'

మేస్త్రి కూతురు ఆ మాటను ఉన్నదున్నట్టే పైకి చెప్పింది. 

భార్య గ్లాసు కింద పెట్టి లేచింది. డ్రైవరు పొట్టులో కూర్చుని ఉన్నాడు. ఆమె అతని వెనక్కు వెళ్ళింది. అతని చొక్కా కాలరు ఒక పక్క ఇంకా లేచి, నలిగి, మెడలోకి మడతపడి ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో బయటికి తీసింది. బొటనవేళ్ళతో మడత సాపు చేసింది. మెడ చుట్టూ వెనక నుంచి ముందుకు సర్దుకుంటూ వచ్చి, రెండు కొసలూ కిందికి దించి, భుజాల మీద ఒకసారి దులిపింది. పొట్టు రాలింది.

కాలరు సర్దుదామనే తప్ప ఇంకేమీ అనుకుని ఆమె అది చెయ్యలేదు. తలెత్తేసరికి అందరూ ఆమె చేతులే చూస్తున్నారు.

మేస్త్రి తన కాలరు వెనక నుంచి పట్టుకున్నాడు. లాగాడు. తరవాత పిడికిలి వదిలి, రెండు చేతులతో దాన్ని సర్ది, సాపు చేసి, కొసలు దించాడు. ఇంకోసారి చేశాడు, ఈసారి కొంచెం నెమ్మదిగా. బాబాయ్ చేశాడు. ఆయన తొందరలో కాలరు సరిగా దించకుండానే భుజాలు దులిపేసుకుంటే మేస్త్రి ఒప్పుకోలేదు. దగ్గరికొచ్చి ఆయన వేళ్ళు పట్టుకుని, కొసల దాకా నడిపించాడు, చెక్క నార వెంట నడిపించినట్టే. ఇక్కడ ఆగకూడదు. ఇక్కడిదాకా రావాలి.

బాబాయ్ మళ్ళీ చేశాడు. ఈసారి కుదిరింది.